వాట్సాప్‌లో ఓకే చెప్పిన మిర్చి బేరం, అరగంటలో క్యాన్సిల్ అన్నాడు. బేరం ఉన్నట్టా లేనట్టా?

టిక్కీ180:

అందరికీ నమస్కారం అండి, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు, నాన్న పేరు మీద కోల్డ్ స్టోరేజ్‌లో 180 టిక్కీల (బస్తాల) తేజ రకం మిర్చి ఉంది, టిక్కీకి 42 కేజీలు వేసుకున్నా 75 క్వింటాళ్ల పైనే. సోమవారం ఒక వ్యాపారి వచ్చి శాంపిల్ చూసుకున్నాడు (పేరు ఎందుకులెండి), కాయ విరిచి చూశాడు, తేమ లేదన్నాడు, రాత్రికి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. ఉన్నదున్నట్టు ఇస్తున్నా: "తేజ 180 టిక్కీలు క్వింటా 14200 చొప్పున మొత్తం తీసుకుంటా. శుక్రవారం సాయంత్రం దాకా ఈ రేటు మీకే. ఓకే అయితే ఈ నంబర్‌కే మెసేజ్ పెట్టండి."

మంగళ, బుధ రెండ్రోజులు నాన్న "ఇంకో రెండొందలు పెరుగుద్దేమో ఆగరా" అన్నాడు, ఆగాం. గురువారం పొద్దున కోల్డ్ స్టోరేజ్ దగ్గర టీ తాగుతుంటే అక్కడి గుమస్తా "మీ వ్యాపారి రాత్రే వేరే లాట్ కొనేశాడంట, ఇక మీది తీసుకోడు" అన్నాడు. గుండె గుభేలుమంది, అక్కడే నిలబడి 10:40కి "ఓకే అండి మీ రేటుకి ఇస్తున్నాం" అని అదే నంబర్‌కి పెట్టేశా. ఒకటే టిక్కు పడింది, ఆ ఫోన్ ఆపేసినట్టున్నాడు. 11:05కి ఆయన ఇంకో నంబర్ నుంచి "మార్కెట్ డౌన్, ఆ రేటు క్యాన్సిల్" అని వచ్చింది, అప్పుడు నా ఫోన్ ట్రాక్టర్ టూల్ బాక్స్‌లో ఉంది, చూసింది 11:30కి. 12:10కి నా మెసేజ్‌కి రెండో టిక్కు, కాసేపటికి బ్లూ. అంతే, అప్పట్నుంచి ఫోన్ ఎత్తట్లేదు.

ఇవాళ రేటు 13300. క్వింటాకి 900 తేడా, మొత్తం మీద 68 వేలు. శుక్రవారం దాకా అని రాసిచ్చిన మనిషి గురువారమే క్యాన్సిల్ అంటే చెల్లుద్దా? నేను ఓకే అన్నాక క్యాన్సిల్ అన్నట్టా, అనకముందే అన్నట్టా? ఏమీ అర్థం కావట్లేదు, నాన్న అయితే అన్నం కూడా సరిగ్గా తినట్లేదు.

ఘాటు_గురూజీ:

అడ్వాన్స్ ఇచ్చాడా? లేదు. బాండు పేపరు మీద సంతకం ఉందా? లేదు. మరి ఇంకేం బేరం బ్రో, వాట్సాప్ మెసేజ్ పట్టుకుని కోర్టుకెళ్తే జడ్జి గారు నవ్వుతారు. వదిలేయ్, 13300కి అమ్ముకో, రేపు 12 వేలు అయితే అప్పుడు ఏడుస్తావ్.

కోర్టుపక్షి:

పైన గురూజీ గారు చెప్పింది తప్పండి, ఎవరూ నమ్మకండి. సరుకు అమ్మకానికి స్టాంపు పేపరు అక్కర్లేదు, అడ్వాన్స్ అక్కర్లేదు, నోటి మాట చాలు. 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ ఐదో సెక్షన్‌లోనే ఉంది ఆ సంగతి. మా తాత ఎడ్ల సంతలో తువ్వాల కింద చెయ్యి పెట్టి వేళ్లు పట్టుకుని రేటు కుదుర్చుకునేవాడు, నోరు కూడా విప్పేవాడు కాదు, అదీ బేరమే. పొలం, ఇల్లు అయితే వేరే కథ.

నేను 14 ఏళ్లుగా సివిల్ సైడు ప్రాక్టీస్ చేస్తున్నా. ఈ కేసులో అసలు ప్రశ్న పేపరు కాదు, గడియారం. 10:40, 11:05, 11:30, 12:10, ఈ నాలుగు టైములు కాగితం మీద రాసి పెట్టుకోండి, వాటి చుట్టూనే తిరుగుద్ది అంతా.

1872 కాంట్రాక్ట్ యాక్ట్‌లో నాలుగో సెక్షన్ ఏం అంటుందంటే, ఆఫర్ అవతలి మనిషికి తెలిసినప్పుడు చేరినట్టు. ఇది సోమవారం రాత్రే అయిపోయింది, గొడవ లేదు. ఒప్పుకోలు మాత్రం ఇద్దరికీ ఒకే టైముకి పూర్తి కాదు, ఇక్కడే అందరూ తికమక పడతారు. మీరు ఓకే అని పంపి అది మీ చెయ్యి దాటిపోయిన క్షణానికే ఆఫర్ ఇచ్చినాయన ఇరుక్కుంటాడు. మీరు మాత్రం అది ఆయనకి తెలిసినప్పుడు ఇరుక్కుంటారు. అంటే 10:40కి వ్యాపారి కట్టుబడ్డాడు, మీరు కట్టుబడింది మాత్రం 12:10 తర్వాత. మధ్యలో ఆ గంటన్నర మీకు వెనక్కి తగ్గే వీలుంది, ఆయనకి లేదు. వినడానికి అన్యాయంగా ఉంటుంది కానీ చట్టంలో రాసింది అదే.

ఇక క్యాన్సిల్ సంగతి. అదే కాంట్రాక్ట్ యాక్ట్ ఐదో సెక్షన్ ప్రకారం ఆఫర్‌ని వెనక్కి తీసుకోవాలంటే ఆ ఒప్పుకోలు ఆఫర్ ఇచ్చినాయన విషయంలో పూర్తి కాకముందే తీసుకోవాలి. ఆయన క్యాన్సిల్ మీకు తెలిసింది 11:30కి. మీ ఓకే చెయ్యి దాటింది 10:40కి. కాబట్టి మొదటి చూపుకి బేరం కుదిరిపోయింది, ఆయన లేటు.

మొదటి చూపుకి అని ఊరికే అనలేదు. మిగతాది సాయంత్రం రాస్తా, కోర్టు టైమైంది.

లా_థర్డ్‌ఇయర్:

సార్ నమస్తే, మాకు పోయిన సెమిస్టర్‌లోనే ఇది అయింది, నాకు తెలిసింది రాస్తా తప్పయితే దిద్దండి. ఈ చెయ్యి దాటితే చాలు అనే రూల్ ఇంగ్లండ్‌లో 1818 ఆడమ్స్ వర్సెస్ లిండ్సెల్ కేసు నుంచి వచ్చింది, అదీ ఒక రకంగా మీ మిర్చి లాంటి కథే, అక్కడ ఉన్ని. 1817 సెప్టెంబర్ 2న ఉన్ని అమ్ముతామని ఉత్తరం రాశారు, అడ్రస్ తప్పు రాయడం వల్ల అది 5వ తారీఖు సాయంత్రానికి గానీ చేరలేదు, కొనేవాళ్లు ఆ రాత్రే ఓకే అని తిరుగు టపాలో వేశారు, అది 9న చేరింది, కానీ అమ్మేవాళ్లు జవాబు రాలేదని 8నే వేరేవాళ్లకి అమ్మేశారు. కోర్టు ఏమందంటే టపాలో వేసినప్పుడే కాంట్రాక్ట్ అయిపోయింది అని.

అలాగే 1880 బైర్న్ కేసులో కార్డిఫ్ నుంచి న్యూయార్క్‌కి తగరపు రేకుల ఆఫర్, అక్టోబర్ 1న ఉత్తరం, 8న క్యాన్సిల్ ఉత్తరం, 11న ఆఫర్ అందగానే వాళ్లు టెలిగ్రామ్ కొట్టి ఒప్పేసుకున్నారు, క్యాన్సిల్ ఉత్తరం చేరింది 20న. క్యాన్సిల్ అవతలివాళ్లకి చేరేదాకా చెల్లదు అన్నారు. ఇది అచ్చంగా అన్నకి పనికొస్తుంది.

కానీ నాకు రెండు డౌట్లు సార్. ఒకటి, గుమస్తా ముందే చెప్పాడు కదా, 1876 డికిన్సన్ వర్సెస్ డాడ్స్‌లో ఇల్లు వేరేవాళ్లకి ఇస్తున్నారని మూడో మనిషి చెప్తే తెలిసినా సరే ఆఫర్ పోయినట్టే అన్నారు, అందులో కూడా శుక్రవారం దాకా అనే ఉంది! రెండోది, ఒక టిక్కు ఉన్న మెసేజ్‌ని డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టొచ్చు కదా, మరి అది చెయ్యి దాటినట్టు ఎలా? పోస్టు డబ్బాలో వేసిన ఉత్తరం అయితే మళ్లీ చేతికి రాదు.

కోర్టుపక్షి:

అమ్మాయ్ బాగా చదివావు, రెండో డౌట్ నిజంగా మంచి డౌట్, దానికి వస్తా.

గుమస్తా మాట ముందు చూద్దాం. డికిన్సన్ ఇంగ్లండ్‌ది. మన ఆరో సెక్షన్‌లో ఆఫర్ ఎలా రద్దవుతుందో నాలుగు దారులు రాసిపెట్టారు: ఆఫర్ ఇచ్చినాయనే నోటీసు ఇవ్వడం, గడువు దాటిపోవడం, ముందు చెయ్యాల్సిన షరతు చెయ్యకపోవడం, ఇచ్చినాయన చనిపోవడమో మతి తప్పడమో ఒప్పుకోకముందే అవతలివాడికి తెలియడం. నోటీసు ఆఫర్ ఇచ్చినాయన నుంచి రావాలి అని అందులోనే ఉంది, టీ కొట్టు దగ్గర వినికిడి నోటీసు కాదు. అయితే టిక్కీ గారూ ఒక్కటి ఖచ్చితంగా చెప్పండి, ఆ గుమస్తా ఎవరి గుమస్తా? కోల్డ్ స్టోరేజ్ మనిషైతే పర్లేదు. వ్యాపారి మనిషైతే మాత్రం ఆయన చెప్పమంటేనే చెప్పాడని వాదిస్తారు, అప్పుడు 10:40 కంటే ముందే నోటీసు అందినట్టు అవుతుంది.

శుక్రవారం దాకా అన్నాడుగా అని పట్టుకుని వేలాడకండి, అది మనకి ఉపయోగపడదు. ఆ గడువుకి ఆయన మీ దగ్గర ఏమీ తీసుకోలేదు. పదివేలు తీసుకుని శుక్రవారం దాకా ఆపుతా అని ఉంటే అది వేరే ఒప్పందం అయ్యేది. ఉత్త మాటకి గురువారం కాదు మంగళవారమైనా వెనక్కి తీసుకోవచ్చు, మీరు ఒప్పుకోనంతవరకు. శుక్రవారం సాయంత్రం దాటాక మాత్రం ఆఫర్ దానంతట అదే పోతుంది, ఆ గడువు వల్ల లాభం ఆయనకే.

ఇప్పుడు టిక్కుల సంగతి. నాలుగో సెక్షన్ రాసేనాటికి ఫోనే లేదు, గ్రాహంబెల్‌కి పేటెంట్ వచ్చింది 1876లో. ఆ తర్వాత ఈ గొడవ సుప్రీం కోర్టు దాకా వెళ్లింది, భగవాన్‌దాస్ కేసు, 1966 రిపోర్టుల్లో ఉంటుంది. అహ్మదాబాద్ వ్యాపారులు ఖామ్‌గావ్‌కి ఫోన్ చేసి పత్తి గింజల చెక్క అడిగారు, వాళ్లు ఫోన్లోనే సరే అన్నారు, తర్వాత సరుకు పంపలేదు, దావా అహ్మదాబాద్‌లో వెయ్యాలా ఖామ్‌గావ్‌లో వెయ్యాలా అని తగువు. ఇద్దరు జడ్జీలు ఫోన్ అంటే ఎదురెదురుగా మాట్లాడుకున్నట్టే, టపా రూల్ వర్తించదు, సరే అన్న మాట వినబడిన చోటే కాంట్రాక్ట్ పుట్టింది, అంటే అహ్మదాబాద్‌లో అన్నారు. జస్టిస్ హిదాయతుల్లా మాత్రం ఒప్పుకోలేదు, సెక్షన్‌లో ఉన్న మాటలు ఫోన్‌కి కూడా సరిపోతాయి, సరే అన్నమాట పలికిన ఖామ్‌గావ్‌లోనే అయిపోయింది అని విడిగా రాశారు. నాకు పర్సనల్‌గా ఆయన రాసిందే సెక్షన్‌కి దగ్గరగా ఉందనిపిస్తుంది, కానీ నడిచేది మెజారిటీది.

ఇక వాట్సాప్ ఉత్తరమా ఫోనా? ఉత్తరమైతే 10:40కే అయిపోయింది, మీరు గెలిచారు. ఫోన్ లాంటిదైతే ఆయనకి చేరిందెప్పుడో చూడాలి, చేరింది 12:10కి అంటే, 11:30కే క్యాన్సిల్ మీకు తెలిసిపోయింది కాబట్టి మీరు ఓడారు. అంత తేడా. నేనైతే మీ తరఫున ఇలా వాదిస్తా: ఫోన్లో ఎదుటివాడు వింటున్నాడో లేదో అప్పటికప్పుడే తెలుస్తుంది, లైన్ కట్టయితే మళ్లీ చేస్తాం. ఫోన్ ఆపేసుకున్న మనిషికి పంపిన మెసేజ్ అలాంటిది కాదు, డబ్బాలో వేసిన ఉత్తరం లాంటిదే. దానికి తోడు 2000 నాటి ఐటీ యాక్ట్ 13వ సెక్షన్ చూడండి, పంపినవాడి అదుపులో లేని కంప్యూటర్‌లోకి మెసేజ్ ఎక్కిన క్షణానికి పంపినట్టు. ఆ ఒక టిక్కు అంటే అదే, సర్వర్‌కి ఎక్కింది. అదే యాక్ట్‌లో 10ఎ సెక్షన్ కూడా ఉంది, ఎలక్ట్రానిక్‌గా కుదిరిన ఒప్పందం అన్న ఒక్క కారణానికి చెల్లకుండా పోదని. గురూజీ గారు ఇది చదవాలి.

డిలీట్ ఫర్ ఎవ్రీవన్ డౌట్ అవతలి వకీలు తప్పకుండా లేపుతాడు. చెరిపే వీలున్నంతసేపు చెయ్యి దాటలేదు అంటాడు. మన జవాబు: చెరపడం అంటే సర్వర్‌కి ఇంకో కబురు పంపి తీసెయ్యమని అడగడం, పోస్టుమాస్టర్‌ని బతిమాలి ఉత్తరం వెనక్కి తెచ్చుకున్నట్టు, అంతేగానీ ఉత్తరం నా జేబులో ఉన్నట్టు కాదు. నిలబడుద్దా అంటే చెప్పలేను, జడ్జి గారి మూడ్‌ని బట్టి.

ఇంకోటి, "ఈ నంబర్‌కే మెసేజ్ పెట్టండి" అన్నది ఆయనే. అది మీకు బంగారం. ఆయన చెప్పిన దారిలోనే మీరు ఒప్పుకున్నారు, ఆ ఫోన్ ఆపేసుకోవడం ఆయన ఖర్మ.

ఈఎండీ_బాధితుడు:

మధ్యలో దూరుతున్నందుకు సారీ, నేను చిన్న సివిల్ కాంట్రాక్టర్ని, వెనక్కి తీసుకోవడం అంటే నాకు కడుపు మండుద్ది. నాలుగేళ్ల కింద ఒక ఆఫీసులో (పేరొద్దు) టెండర్ వేశా, వేసిన వారానికి స్టీలు రేటు ఎగిరింది, ఇంకా వాళ్లు ఓపెన్ కూడా చెయ్యలేదు కదా అని విత్‌డ్రా లెటర్ ఇచ్చా, లెటర్ తీసుకుని ముద్ర వేసి నవ్వుతూ ఈఎండీ (టెండర్‌తో పాటు కట్టిన డిపాజిట్) జప్తు అన్నారు. రెండు లక్షల పాతిక వేలు. అదేంటండి ఒప్పుకోకముందు వెనక్కి తీసుకోవచ్చుగా అంటే మా వకీలు గారు 2003 గంగా ఎంటర్‌ప్రైజెస్ కేసు చూపించారు, నేషనల్ హైవేస్ వాళ్లది, సుప్రీం కోర్టు. ఆఫర్ వెనక్కి తీసుకోవచ్చు నిజమే, కానీ డిపాజిట్ షరతు వేరు, గడువులోపల తీసుకుంటే డిపాజిట్ పోతుందని ఒప్పుకునే కదా కట్టావు అని. అంటే మనిషి బయటపడతాడు, డబ్బు లోపలే ఉంటుంది.

కోర్టుపక్షి:

కరెక్ట్, మీ డబ్బు పోయినందుకు బాధగానే ఉంది కానీ రూల్ అదే. దానికి ఎదురు కథ కూడా ఒకటి చెప్తా, మనకి దగ్గరి కథ. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే వాళ్లు 1948లో గ్రెయిన్ షాపులకి 14 వేల మణుగుల బెల్లం కావాలని టెండర్ పిలిచి, ఒకాయనది ఒప్పుకుని, ఏ తేదీకి ఎంత పంపాలో ఆర్డర్ కూడా ఇచ్చి, మధ్యలో క్యాన్సిల్ అన్నారు. ఎప్పుడైనా రద్దు చేసుకునే హక్కు మాకుందని కాగితంలో రాసుకున్నాం అన్నారు. సుప్రీం కోర్టు ఏమందంటే ఆ హక్కు ఇంకా ఆర్డర్ వెయ్యని సరుకుకే, ఖచ్చితమైన తూకానికి ఆర్డర్ వేశాక అది కుదిరిన కాంట్రాక్ట్, క్యాన్సిల్ కుదరదు అని. బెల్లం పంపేవాడికీ ఒక రోజు వస్తుంది.

టిక్కీ180:

చాలా చాలా థాంక్స్ అండి అందరికీ. గుమస్తా కోల్డ్ స్టోరేజ్ మనిషే, వ్యాపారికి సంబంధం లేదు, ఆయనకి వీళ్లంటే పడదు కూడా.

కోర్టుపక్షి గారూ, ఒకటి చెప్పలేదు, చెప్పాలా వద్దా అని రాత్రంతా ఆలోచించా. 10:40కి ఓకే పెట్టాక నాన్న పక్కనుంచి "తరుగు (తూకంలో కోత) సంగతి, డబ్బుల సంగతి కూడా రాయరా, తర్వాత కాటా దగ్గర గొడవలొద్దు" అంటే 10:46కి ఇంకో మెసేజ్ పెట్టా: "డబ్బులు మాత్రం రెండు రోజుల్లో కావాలండి, తరుగు తియ్యకూడదు." రెండూ 12:10కి ఒకేసారి డెలివరీ అయ్యాయి. దీనివల్ల ఏమన్నా ఇబ్బందా?

ఘాటు_గురూజీ:

హహ చెప్పానా బ్రో. మిర్చి పండించేవాడికి ఓపిక ఉండాలి, ఆరు నిమిషాలు ఆగలేకపోయావు.

లా_థర్డ్‌ఇయర్:

అయ్యో అన్నా! ఏడో సెక్షన్. ఒప్పుకోలు షరతుల్లేకుండా ఉండాలి, ఓకే కానీ అంటే అది ఒప్పుకోలు కాదు ఎదురు ఆఫర్. 1840 హైడ్ వర్సెస్ రెంచ్, వెయ్యి పౌండ్లకి పొలం ఇస్తానంటే తొమ్మిదొందల యాభై అన్నాడు, వద్దన్నారు, సరే వెయ్యే ఇస్తానన్నాడు, కోర్టు నీ ఎదురు బేరంతోనే పాత ఆఫర్ చచ్చిపోయింది పో అంది.

కోర్టుపక్షి:

ఇబ్బందా అంటే, ఇప్పటిదాకా మనం మాట్లాడుకున్నదంతా పక్కకి పోయేంత ఇబ్బంది. క్లయింట్లు ఎప్పుడూ రెండో మెసేజ్ దాచిపెట్టి వస్తారు, ఏం చేస్తాం.

అయినా హైడ్ కేసు ఇక్కడ నేరుగా పనిచెయ్యదమ్మా. అక్కడ ఆయన మొదటే తొమ్మిదొందల యాభై అన్నాడు. ఇక్కడ మొదటి మెసేజ్ శుభ్రంగా ఉంది, షరతు లేదు, 10:40కే ఒప్పుకోలు చెయ్యి దాటింది, వ్యాపారి కట్టుబడ్డాడు. ఆరు నిమిషాల తర్వాతది కుదిరిన బేరం మీద అదనంగా అడిగిన కోరిక, ఆయన ఇష్టమైతే ఒప్పుకుంటాడు లేకపోతే లేదు, దానివల్ల మొదటిది చెడదు. మన వాదన ఇది.

అవతలి వకీలు తెలివైనవాడైతే ఏం చేస్తాడో చెప్తా. నేను మొదటి రోజు రాసింది గుర్తుందా, 10:40కి ఆయన కట్టుబడ్డాడు గానీ మీరు కట్టుబడలేదు, మీకు వెనక్కి తగ్గే వీలుంది అని. అదే కత్తి ఇప్పుడు మన మీదకి తిరుగుద్ది. ఐదో సెక్షన్ కింద ఉన్న ఉదాహరణ తీసి చదువుతాడు, ఇల్లు అమ్మే ఉత్తరం ఉదాహరణ: ఒప్పుకున్నవాడు తన ఒప్పుకోలు ఉత్తరం అవతలివాడికి చేరే ముందైనా, చేరే క్షణంలోనైనా వెనక్కి తీసుకోవచ్చు, ఆ తర్వాత కాదు. మీ రెండు మెసేజ్‌లూ చేరింది ఒకే క్షణంలో, 12:10కి. కాబట్టి రెండో మెసేజ్‌తో మొదటి ఒప్పుకోలుని వెనక్కి తీసుకుని కొత్త షరతులతో ఎదురు ఆఫర్ పెట్టాడు యువరానర్, నా క్లయింట్ ఫోన్ తెరిచేసరికి కనబడింది రెండూ కలిపే, అంటాడు. ఇంగ్లండ్‌లో టపాలో వేశాక ఒప్పుకున్నవాడు కూడా ఇరుక్కున్నట్టే, అక్కడైతే ఈ వాదనకి చోటే లేదు. మన చట్టం మీకు ఇచ్చిన వెసులుబాటే మీ గొంతుకి అడ్డం పడుద్ది.

దానికి మన జవాబు: వెనక్కి తీసుకున్నట్టు ఆ మెసేజ్‌లో ఎక్కడుంది? "ఇవ్వం" అని లేదు, "అలా అయితేనే ఇస్తాం" అని లేదు. "కావాలండి" అనుంది. కోరడం వేరు, షరతు పెట్టడం వేరు. "మాత్రం" అనే మాట లేకపోయుంటే ఇంకా హాయిగా ఉండేది. తరుగు మాట కొంచెం గట్టిగా ఉంది, "తియ్యకూడదు" అన్నారు. మీ యార్డులో తరుగు తియ్యడం మామూలా కాదా, సోమవారం శాంపిల్ చూసినప్పుడు ఆ మాట వచ్చిందా? అప్పుడే తరుగు లేదనుకుని ఉంటే మీరు కొత్తగా అడిగిందేమీ లేదు, ఉన్నదే గుర్తు చేశారు.

మానుకోట_మిర్చి:

అన్నా మాది మహబూబాబాద్ దిక్కు, మేం వరంగల్ ఎనుమాముల యార్డుకు తీస్కపోతం. నాకు ఒకటి సమజైతలేదు. వ్యాపారి బ్లూ టిక్కు వచ్చినంక గూడ ఏమనలేదు గదా, నీ రెండో మెసేజ్ చూసి గూడ ఊకున్నడు. మౌనం అర్ధాంగీకారం అంటరు గదా, గట్లయితే ఆ రెండు షరతులు గూడ ఒప్పుకున్నట్టే గదా?

కోర్టుపక్షి:

సామెత మంచిదే గానీ కోర్టులో పూర్తి అంగీకారం కావాలి అన్నా, అర్ధం సరిపోదు. 1862లో ఫెల్ట్‌హౌస్ అనే ఆయన మేనల్లుడికి "నువ్వేమీ జవాబు రాయకపోతే గుర్రం 30 పౌండ్ల 15 షిల్లింగులకి నాదే అనుకుంటా" అని రాశాడు. మేనల్లుడు మనసులో ఇద్దామనే అనుకున్నాడు కానీ జవాబు రాయలేదు, వేలం పాటగాడు పొరపాటున గుర్రాన్ని అమ్మేశాడు. కోర్టు అసలు బేరమే లేదంది.

మన దగ్గర ఇంకా బాధాకరమైన కేసు ఉంది, ఆంధ్ర నుంచే వెళ్లింది. 1960 డిసెంబర్ చివర్లో ఒకాయన 50 వేలకి జీవిత బీమా ప్రపోజల్ రాశాడు, డాక్టర్ పరీక్ష అయింది, ప్రీమియం చెక్కులు ఇచ్చాడు, ఎల్‌ఐసీ వాళ్లు మార్చుకున్నారు కూడా. 1961 జనవరి 12న ఆయన పోయాడు. డబ్బు తీసుకుని కూర్చున్నారు కదా ఒప్పుకున్నట్టే కదా అని కుటుంబం 1984 దాకా పోరాడింది, సుప్రీం కోర్టు ఒప్పుకోలేదు, ప్రపోజల్‌ని ఒప్పుకున్నాం అని చెప్తేనే ఒప్పుకున్నట్టు, ప్రీమియం అట్టిపెట్టుకున్నంత మాత్రాన కాదు అంది. చెక్కు మార్చుకున్నా కాదన్నప్పుడు బ్లూ టిక్కు ఏ మూలకి.

టిక్కీ గారూ, ఇక పని సంగతి. మొదటిది, ఆ ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి, వ్యాపారి రెండో నంబర్ బ్లాక్ చెయ్యకండి. స్క్రీన్‌షాట్లు మెసేజ్ ఇన్ఫోతో సహా తీయండి, ఆ 12:10 కనబడాలి. కోర్టుకి ఫోన్ తీసుకెళ్లకుండా ప్రింట్లు ఇస్తే కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచెయ్యాలి, పాతది 65బి ఉండేది అదే. రెండోది, సరుకు అట్టిపెట్టుకుని రేటు 11 వేలకి పడ్డాక ఆ తేడా అంతా ఆయన్నే కట్టమంటే కుదరదు, కాంట్రాక్ట్ యాక్ట్ 73వ సెక్షన్ కింద వచ్చేది ఆయన మాట తప్పిన రోజు మార్కెట్ రేటుకీ బేరం రేటుకీ తేడా, నష్టం తగ్గించుకోవడానికి మీరేం చేశారని కూడా అడుగుతారు. ఆ రోజు యార్డు రేటు కాగితం ఒకటి సంపాదించండి. మూడోది, ముందు నోటీసు, దావా తర్వాత. 68 వేల కోసం నాలుగేళ్లు తిరగమని నేను చెప్పను, ఫీజు తీసుకునేవాడినే చెప్తున్నా. నోటీసు మొదట్లో మొదటి మెసేజ్, నాలుగు టైములు మాత్రమే రాయించండి, రెండో మెసేజ్ దాచొద్దు గానీ మొదటి పేరాలో పెట్టొద్దు.

టిక్కీ180:

అప్‌డేట్ అండి. నోటీసు దాకా పోలేదు. తరుగు సంగతి నాన్నని అడిగితే సోమవారం శాంపిల్ దగ్గరే వ్యాపారి "మీ కాయకి తరుగు ఏముందిలెండి" అన్నాడంట, పక్కన దళారీ కూడా ఉన్నాడు. దళారీ చేత కబురు పెట్టించాం, చాట్ ప్రింట్లు తీయించి నోటీసు రాయిస్తున్నారని కూడా చెప్పించాం. ఆదివారం మనిషి వచ్చాడు. ముందు అసలు మీ మెసేజే చూడలేదన్నాడు, బ్లూ టిక్కు చూపిస్తే మా అబ్బాయి చూశాడేమో అన్నాడు. రెండు గంటలు కూర్చున్నాక సగం, 90 టిక్కీలు 14200కే తీసుకుంటా, మిగతా సగం మీ ఇష్టం అన్నాడు. నాన్న ఒప్పుకుందామన్నాడు, ఒప్పుకున్నాం. మిగతా 90 కోల్డ్ స్టోరేజ్‌లోనే ఉన్నాయి.

ఈసారి మెసేజ్ దళారీ ఎదురుగానే టైపు చేయించా, తూకం, రేటు, తరుగు లేదు, డబ్బు కాటా రోజే, అన్నీ ఒకే మెసేజ్‌లో, ఆయన ఫోన్ నుంచి నాకు. నేను "ఓకే" అని పెట్టగానే ఎదురుగా ఆయన ఫోన్ మోగింది. నాన్న ఇంకేదో రాయమని మోచేత్తో పొడిచాడు, ఫోన్ జేబులో పెట్టేసుకున్నా.

ఘాటు_గురూజీ:

ఆ మిగతా 90 టిక్కీలు ఏ రేటుకి ఇస్తావ్ బ్రో? సీరియస్‌గానే అడుగుతున్నా, మా బావకి పచ్చళ్ల బిజినెస్ ఉంది.

కోర్టుపక్షి:

టిక్కీ గారూ, రేటు అడిగాడు, అంతే. కొంటానని ఇంకా అనలేదు. చూసుకుని జవాబివ్వండి.